జడ్జి మోట్లీ తప్పుకోలేదు

న్యూయార్క్‌లో మా ఆఫీసుకు ఉద్యోగులను ఎంపిక చేసే బృందంలో నేనూ ఉంటాను. వచ్చిన రెజ్యూమెలో ఉస్మానియా అనో, ఆంధ్రా యూనివర్సిటీ అనో కనిపిస్తే, "ఈ ఇంటర్వ్యూకు మీరు లేకపోతే బాగుంటుందేమో" అని ఎవరో ఒకరు మర్యాదగానే అంటారు. తన కాలేజీలోనే చదివిన కుర్రాణ్ని ఇంటర్వ్యూ చేసే అమెరికన్ సహోద్యోగికి ఆ సలహా ఎవరూ ఇవ్వరు. ఆ మాట పడ్డ ప్రతిసారీ నాకు జడ్జి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ గుర్తుకొస్తారు.

ఆవిడ కూడా వలస వచ్చినవాళ్ల బిడ్డే. తల్లిదండ్రులది కరీబియన్ సముద్రంలోని నీవిస్ అనే చిన్న దీవి. తండ్రి యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల సంఘాలకు వంట చేసేవారు. 1921లో న్యూ హేవెన్‌లో పుట్టిన ఈ అమ్మాయికి కాలేజీకి వెళ్లే స్తోమత లేదు. ఒక సభలో ఆమె నిర్మొహమాటంగా మాట్లాడిన తీరు నచ్చి, ఊళ్లోని ధనికుడు క్లారెన్స్ బ్లేక్‌స్లీ చదువు ఖర్చంతా భరించారు. 1946లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో లా పట్టా పుచ్చుకున్నారు. నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్‌కు మిసిసిపీ విశ్వవిద్యాలయం తలుపులు తెరిపించిన న్యాయవాది ఆవిడే. సుప్రీంకోర్టులో పది కేసులు వాదించి తొమ్మిది గెలిచారు.

1966లో అధ్యక్షుడు జాన్సన్ ఆమెను న్యూయార్క్‌లోని ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ట్రయల్ కోర్టుకు జడ్జిగా ఎంపిక చేస్తే, సెనేట్ న్యాయ కమిటీ అధ్యక్షుడు, మిసిసిపీకే చెందిన ఈస్ట్‌లాండ్, నెలల తరబడి అడ్డుపడ్డారు. చివరికి ఆమోదం దక్కింది. ఫెడరల్ జడ్జి పదవిలోకి వచ్చిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఈ పదవికి రిటైర్మెంట్ వయసు లేదు. 2005లో కన్నుమూసేదాకా ఆమె జడ్జిగానే ఉన్నారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది 1975 నాటి ఘట్టం. ఉద్యోగాలిచ్చేటప్పుడు ఆడవాళ్లపై వివక్ష చూపుతోందని ఒక పెద్ద న్యాయవాద సంస్థపై కేసు పడింది. అది ఆమె దగ్గరికి వచ్చింది. మీరు నల్లజాతి మహిళ, వివక్ష కేసులు వాదించినవారు, కాబట్టి తప్పుకోండని సంస్థ కోరింది. ఆమె ఒప్పుకోలేదు. జడ్జి జాతి, లింగం, పూర్వ వృత్తి వాటంతటవే అనర్హతలైతే ఈ కోర్టులో ఏ జడ్జీ ఈ కేసు వినలేరని రాశారు. అందరూ ఒకప్పుడు లాయర్లే, అందరూ ఆడో మగో అయినవారే కదా! మగ జడ్జికి మగతనం పక్షపాతం కానప్పుడు, ఆమెకు ఆడతనం ఎందుకవుతుంది? ఇలాంటి అభ్యంతరం లేచినప్పుడు కోర్టుల్లో ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు.

అలాగని వివక్ష కేసు వేసిన ప్రతివారినీ ఆవిడ గెలిపించలేదు. సాక్ష్యం చాలకపోతే కొట్టేశారు. 1978లో మాత్రం, న్యూయార్క్‌లోని యాంకీ బేస్‌బాల్ స్టేడియంలో ఆటగాళ్ల గదిలోకి మహిళా విలేకరులను రానివ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. స్టేడియం నగర ప్రభుత్వానిది, కాబట్టి ప్రభుత్వం అందరికీ సమాన రక్షణ ఇవ్వాలన్న రాజ్యాంగ నియమం అక్కడా వర్తిస్తుందన్నది ఆ తీర్పుకు ఆధారం.

మా ఆఫీసులో ఇప్పుడు నేను ఒక్కటే అడుగుతున్నాను: ఈ నియమం ఉంటే కాగితం మీద పెట్టండి, బృందంలో అందరికీ వర్తింపజేయండి. ఇంతవరకు ఎవరూ రాయలేదు. నేను ఇంటర్వ్యూలకు కూర్చుంటూనే ఉన్నాను, తెలుగు అభ్యర్థికి ఎన్ని మార్కులు ఎందుకు వేశానో ప్రతి ప్రశ్న కింద కారణం రాస్తూనే ఉన్నాను.