చేపముల్లు పటంలో మేము వదిలేసిన కొమ్మ

నేను పనిచేసే కర్మాగారంలో పంపుకు కావలసిన అల్యూమినియం బాడీలు తయారవుతాయి. ఒక్కొక్క బాడీ మధ్యలో 80 మిల్లీమీటర్ల బోర్, అంటే గుండ్రని రంధ్రం, ఉంటుంది. డ్రాయింగ్ ప్రకారం అది 80.000 కంటే తగ్గకూడదు, 80.030 దాటకూడదు, అంటే మాకున్న వెసులుబాటు (టాలరెన్స్) మొత్తం కలిపి 30 మైక్రాన్లు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మెషీన్ దగ్గర ఆపరేటర్ కొలిచినప్పుడు సరిగ్గా ఉన్న బోర్, ఇన్‌స్పెక్షన్ గదికి చేరేసరికి చిన్నదిగా తేలడం మొదలైంది. వరుసగా మూడు వారాలు ప్రతి 100 బాడీలలో ఆరేడింటిని పక్కన పెట్టవలసి రావడంతో, అసలు కారణం కనుక్కునే బాధ్యత నాకు అప్పగించారు.

శిక్షణలో నేర్చుకున్న ప్రకారం అందరినీ సమావేశపరిచి, ఒక సమస్యకు ఉండగల కారణాలను చేప ఎముకల ఆకారంలో రాసే చేపముల్లు పటాన్ని బోర్డు మీద గీశాను. తల దగ్గర ‘రిజెక్షన్ ఎక్కువగా ఉంది’ అని రాసి, వెన్నెముకకు ఇరువైపులా మనిషి, మెషీన్, మెటీరియల్, పద్ధతి, కొలత, పరిసరాలు అనే ఆరు ముళ్లు పెట్టాను. గంటలో నలభైకి పైగా కారణాలు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం ‘మనిషి’ కిందనే చేరాయి. ‘కొలత’ కింద వచ్చింది ఒక్కటే, బోర్ గేజ్ కాలిబ్రేషన్, అంటే బోర్‌ను కొలిచే పరికరం సరిగ్గా చూపుతోందా అన్న తనిఖీ. దాని సర్టిఫికెట్‌కు ఇంకా గడువు ఉందని దాన్నీ కొట్టేశాము. చెడిపోయిన వాటిలో ఎక్కువ భాగం పగటి షిఫ్ట్‌వే అని రికార్డులు చూపుతున్నాయి కాబట్టి, చివరకు అందరూ చేతులెత్తి పగటి షిఫ్ట్ ఆపరేటర్ అజాగ్రత్తే ప్రధాన కారణమని తేల్చారు. ఆయనకు రెండు రోజులు మళ్లీ శిక్షణ ఇచ్చాము, కానీ రిజెక్షన్ ఏమాత్రం తగ్గలేదు. అనుభవజ్ఞుడైన ఒక మనిషిని అందరి ముందు తలవంచుకునేలా చేశామన్న బాధ నన్ను చాలా రోజులు వెంటాడింది.

అప్పుడు ఈ పటం ఎందుకు పుట్టిందో మళ్లీ చదివాను. జపాన్‌కు చెందిన నాణ్యతా నిపుణుడు కౌరు ఇషికావా 1943లో కవాసాకీ ఉక్కు కర్మాగారంలో, ఒక ఫలితం వెనుక ఉన్న అనేక అంశాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో ఇంజనీర్లకు వివరించడానికి దీనిని వాడారు. అంటే ఇది అనుమానాలను ఒక క్రమంలో పెట్టే సాధనం. ఆ అనుమానాల్లో ఏది నిజమో తేల్చవలసింది షాప్ ఫ్లోర్ మీద చేసే పరీక్ష. మేము ఆ పరీక్ష చేయకుండా ఓట్లు లెక్కపెట్టాము.

రెండోసారి ముందుగా తలను మార్చాను. ‘పగటి షిఫ్ట్ బాడీలలో, మెషీన్ దగ్గర 80.010కి పైన చూపిన బోర్ ఇన్‌స్పెక్షన్ గదిలో 80.000 కంటే తక్కువ చూపుతోంది’ అని రాశాను. ఈ ఒక్క వాక్యంతో మొదటి పటంలోని కారణాల్లో సగానికి పైగా వాటంతట అవే రాలిపోయాయి. ఇన్‌సర్ట్, అంటే లోహాన్ని కోసే మార్చగలిగే మొన, అరిగితే బోర్ చిన్నదవుతుంది, నిజమే. కానీ ఒకే బోర్ రెండు చోట్ల రెండు కొలతలు చూపడానికి అది కారణం కాలేదు. మిగిలినవి కొలత, పద్ధతి, పరిసరాలు మాత్రమే.

ఈసారి మీటింగ్ హాలులో కాకుండా మెషీన్ పక్కనే నిలబడి మాట్లాడుకున్నాము. రాత్రి షిఫ్ట్‌లో ఒకే ఆపరేటర్ రెండు మెషీన్లు చూస్తాడు కాబట్టి, పూర్తయిన బాడీ ఆయన తిరిగి వచ్చేదాకా టేబుల్ మీదే ఉంటుంది. పగటి షిఫ్ట్‌లో బాడీని తీసిన వెంటనే కొలుస్తారు. ఈ తేడా ఎవరి రికార్డులోనూ లేదు. మేము నింద వేసిన ఆపరేటరే అప్పుడే తీసిన బాడీని నా చేతిలో పెట్టి, “సార్, ఒకసారి ఇది పట్టుకుని చూడండి. చల్లారాక కూడా ఇదే కొలత వస్తుందంటారా?” అని అడిగారు. అది గోరువెచ్చగా ఉంది.

థర్మామీటర్ ఆనిస్తే 39 డిగ్రీలు చూపింది. షాపులో 24 డిగ్రీలు ఉంది. పది బాడీలను తీసిన వెంటనే ఒకసారి, ఆ తరువాత 5, 15, 30 నిమిషాలకు, చివరగా రెండు గంటలకు అదే గేజ్‌తో కొలిచాము. మొదటి బాడీ 80.018 దగ్గర మొదలై, గేజ్ ముల్లు కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతూ, రెండు గంటలకు 79.991 దగ్గర ఆగింది. మిగిలిన తొమ్మిదీ అదే దారిలో నడిచాయి. అల్యూమినియం మీటరు పొడవుకు డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది కాబట్టి, 80 మిల్లీమీటర్లకు 15 డిగ్రీల తేడాలో దాదాపు 27 మైక్రాన్లు రావాలి. మాకు వచ్చిందీ అంతే. మా వెసులుబాటును దాదాపు పూర్తిగా వేడే మింగేస్తోంది.

కారణం దొరికింది కానీ మూలం ఇంకా అందలేదు. వేడిగా ఉండగా ఎందుకు కొలుస్తున్నారు? పని సూచనల పత్రంలో ‘మెషీనింగ్ అయిన తరువాత కొలవాలి’ అని మాత్రమే ఉంది, ఎంతసేపటికి అన్నది లేదు. ఎందుకు లేదు? ఆ పత్రం పోత ఇనుముతో చేసిన పాత బాడీ కోసం రాసినది. పోత ఇనుము వ్యాకోచం అల్యూమినియంలో సగం కంటే తక్కువ, పైగా దాని టాలరెన్స్ కూడా ఎక్కువ, కాబట్టి అప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. మెటీరియల్ మారినప్పుడు పత్రంలో పేరూ డ్రాయింగ్ నంబరూ మార్చి మిగతాదంతా యథాతథంగా ఉంచారు. ఎందుకలా ఉంచారు? మార్పుల ఆమోద పత్రంలో కొలత పద్ధతి గురించి అడిగే ప్రశ్నే లేదు. నేను అక్కడ ఆగాను, ఎందుకంటే సరిదిద్దడం మా చేతిలో ఉన్న చోటు అదే.

బాడీలను అరగంట చల్లారనిస్తే ఈలోగా మరికొన్ని తప్పు కొలతతో తయారైపోతాయి కాబట్టి, షాపు ఉష్ణోగ్రతలో ఉన్న కూలెంట్ (మెషీనింగ్‌లో వేడి తగ్గించే ద్రవం) తొట్టిలో ఐదు నిమిషాలు ముంచి, తుడిచి కొలవాలని సూచన మార్చాము. ఆమోద పత్రంలో ‘మెటీరియల్ మారితే కొలత పద్ధతిని పునఃపరిశీలించారా?’ అన్న ప్రశ్న చేర్పించాము. పగటి షిఫ్ట్ ఆపరేటర్‌కు, ఆయనను తప్పుపట్టిన వారందరి ముందే క్షమాపణ చెప్పాను.

ఇప్పుడు 100కి ఒకటి పోతోంది. ఆ ఒక్కటీ రెండు చోట్లా చిన్నదిగానే చూపుతోంది కాబట్టి, దానికి వేరే పటం మొదలుపెట్టాము. దాని తలలో సమస్యను రాసింది ఆ ఆపరేటరే: ‘ఇన్‌సర్ట్ మార్చడానికి ముందు తయారైన చివరి బాడీలలో, రెండు చోట్లా బోర్ 80.000 కంటే తక్కువ.’