తాతగారి కాగితాలు చరిత్ర సంఘానికి ఇచ్చాం

తాతగారి డైరీలు, ఉత్తరాల కట్టలు, ఫొటో ఆల్బమ్ అటక మీద చాలాకాలంగా ఉన్నాయి. పారేయడానికి ఎవరికీ మనసొప్పదు, చూసే తీరికా ఎవరికీ లేదు. చివరికి స్థానిక చరిత్ర సంఘానికి ఇద్దామనుకుని ఫోన్ చేశాను. "ఏమేం ఉన్నాయో ఒక చిట్టా పంపండి చాలు. సర్దడం మాత్రం పెట్టుకోకండి" అన్నారు అక్కడి మేడమ్. దుమ్ము దులిపి, సర్ది ఇవ్వడం మర్యాద కదా అనుకున్నాను. కానీ తాతగారు ఏ ఉత్తరాన్ని దేనితో కలిపి దాచారన్నది కూడా సమాచారమేనట. కట్ట విప్పి తేదీలవారీగా పేర్చామంటే అది పోయినట్టే.

ఆవిడ ఇంటికి వచ్చి చూశారు. ఎక్కడైనా దొరికే అచ్చు పుస్తకాలు వద్దన్నారు. మాకు కాస్త చివుక్కుమంది గానీ, వాళ్లకున్న అల్మరాలు కొన్నే. ఎక్కువసేపు కూర్చున్నది ఆల్బమ్ దగ్గరే. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర ఉండే రకం అది. ఆ జిగురే ఫొటోల్ని పాడుచేస్తుందట. నేను ఒక ఫొటో మూల పట్టుకుని లాగబోతే ఆపి, సన్నటి దారాన్ని దాని కిందుగా అటూ ఇటూ జరుపుతూ మెల్లగా ఊడదీశారు. వెనక ఏమీ రాసి లేదు. మా పెద్దత్తయ్య కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కరి పేరు చెబుతుంటే, ఆవిడ మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున రాసుకున్నారు. బాల్‌పెన్ను అయితే నొక్కు ముందువైపుకు తేలుతుందట. పేరు తెలియని ఫొటో పరిశోధకులకు పెద్దగా పనికిరాదన్నారు. అత్తయ్య ఉండగానే ఈ పని అయినందుకు నాకు చాలా నయమనిపించింది.

తర్వాత దానపత్రం. సంతకం పెడితే వస్తువులు పూర్తిగా సంఘానివే. కావాలన్నప్పుడు వెనక్కి తీసుకుంటామంటే ఒప్పుకోరు. కాపీరైట్ సంగతి వేరే. తాతగారు రాసినవాటి హక్కు వారసులుగా మేం ఇవ్వగలం. ఆయనకు వచ్చిన ఉత్తరాల మీద హక్కు రాసినవాళ్లది, కాగితం మన దగ్గరున్నా సరే. కుటుంబ గొడవలున్న కొన్ని ఉత్తరాలు ఇప్పుడే ఎవరికీ చూపించొద్దన్నాం. సరేనన్నారు గానీ, ఎప్పటిదాకానో తేదీ వేయమన్నారు. ఎప్పటికీ తెరవకూడనివైతే అసలు ఇవ్వకండి అని మొహమాటం లేకుండా చెప్పేశారు.

డబ్బు కూడా కొంత ఇచ్చాం. మా బాబాయికి తాతగారి పేరు చెక్కిన అద్దాల బీరువా చేయించాలని ఉంది. కానీ సంఘానికి కావలసింది కాగితాన్ని పాడుచేయని, యాసిడ్ లేని ఫోల్డర్లు, పెట్టెలు, కూర్చుని కేటలాగ్ రాసే మనిషికి జీతం. ఉచితంగా వచ్చిన కాగితాలను దాచడానికీ ఖర్చుంటుందని ఆ రోజే తెలిసింది. బీరువాకే అని రాసిస్తే ఆ డబ్బు ఇంకదేనికీ తీయలేరు కాబట్టి, ముందు ఈ కాగితాల పనికి, మిగిలితే సంఘం అవసరాలకు అని రాయించాం. బాబాయి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

డబ్బుకు ఒక రసీదు, వస్తువులకు చిట్టాతో సహా ఇంకొకటి ఇచ్చారు. వస్తువులకు వెల మాత్రం కట్టలేదు. తీసుకునేవాళ్లే వెల కట్టడం పద్ధతి కాదు, కావాలంటే బయటివాళ్లతో కట్టించుకోండి అన్నారు. మాకు ఆ అవసరం పడలేదు.