పాత కుక్కర్‌లో నాన్‌ఖటాయిలు, పాత శుభలేఖలతో పెట్టెలు

చిన్నప్పుడు తెనాలిలో సెలవులు వస్తున్నాయంటే అమ్మ మైదా, పంచదార, నెయ్యి, యాలకులు కొలిచి సంచిలో సర్దేది. నన్ను వెంటబెట్టుకుని బేకరీకి బయలుదేరేది. సరుకు మనం ఇస్తే వాళ్లే కలిపి, కాల్చి ఇచ్చేవాళ్లు. కిలోకి ఇంత అని కూలి. సాయంత్రానికి రేకు డబ్బా నిండా బిస్కెట్లు వచ్చేవి. ముందు ఇరుగుపొరుగుకి పంచాలి, ఆ తర్వాతే మాకు.

కిందటి డిసెంబరులో ఆరుగురు స్నేహితురాళ్లకి ఆ బిస్కెట్లే చేసి ఇవ్వాలనిపించింది. హైదరాబాదు వాళ్లకి ఉస్మానియా ఎలాగో, నాకు నాన్‌ఖటాయి అలాగ. పెట్టె కూడా కొనకూడదు, నా చేత్తోనే చేయాలి అనుకున్నాను. ఇంట్లో ఓవెన్ లేదు. పాత అయిదు లీటర్ల కుక్కర్ మాత్రం ఉంది.

మొదటిసారి నెయ్యి కరిగించి, పంచదార ఉన్నది ఉన్నట్టే వేసి కలిపాను. పిండి జారుగా అయింది. పళ్లెంలో ఏడు ఉండలు పెడితే, మూత తీసి చూసేసరికి ఏడూ కలిసి ఒకటే పెద్ద అట్టు. రెండోసారి పిండి బాగా మర్దించాను. పక్కనే కూర్చున్న అమ్మ, “అదేంటే, చపాతీ పిండిలా పిసుకుతున్నావు? గట్టిపడిపోతాయి” అంది. ఆమె అన్నట్టే అయింది. మైదాని ఎంత పిసికితే అంత సాగుడు వస్తుంది. నాన్‌ఖటాయి నోట్లో వేసుకోగానే పొడిపొడిగా విడిపోవాలంటే ఆ సాగుడు రానివ్వకూడదు.

మూడోసారి కుదిరింది. పేరుకున్న నెయ్యి 150 గ్రాములు, పొడి కొట్టిన పంచదార 125 గ్రాములు తీసుకున్నాను. ఈ రెండింటినీ గిన్నెలో వేసి చెక్క గరిటెతో పావుగంట గిలకొట్టాను. పచ్చగా ఉన్న నెయ్యి తెల్లబడి వెన్నలా తేలికవుతుంది. ఇక్కడ మాత్రం తొందరపడకండి, బిస్కెట్ గుల్లగా రావడమంతా ఇందులోనే ఉంది. తర్వాత మైదా 200 గ్రాములు, సెనగపిండి 50 గ్రాములు, బొంబాయి రవ్వ రెండు చెంచాలు, వంటసోడా చిటికెడు, ఉప్పు చిటికెడు, యాలకుల పొడి. మర్దించకుండా, వేళ్లతో దగ్గరకు తీసుకుంటే చాలు. చిన్న ఉసిరికాయంత ఉండలు చేసి, బొటనవేలితో కొద్దిగా నొక్కి, పైన పిస్తా పలుకు అద్దాను.

కుక్కర్‌కి రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, ఇది మరవద్దు. అడుగున రాళ్లుప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడిచేశాను. ఉప్పు వేడిని పట్టి ఉంచి, అడుగంతా సమంగా పంచుతుంది. తర్వాత పళ్లెం దించి, సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు. వాయికి ఏడెనిమిది మాత్రమే పడతాయి. నలభై ఎనిమిది బిస్కెట్లకి ఏడు వాయిలు, మధ్యాహ్నమంతా పొయ్యి దగ్గరే. ఇల్లంతా ఆ రేకు డబ్బా వాసన. తీసిన వెంటనే మెత్తగా ఉంటే కాలలేదనుకుని మళ్లీ పెట్టకండి. చల్లారాకే గట్టిపడతాయి.

ఇక పెట్టెలు. బీరువా మీద అట్టపెట్టెలో ఏళ్ల నాటి శుభలేఖలు ఉన్నాయి. పసుపు రాసిన కాగితం పారేయడానికి చేతులు రావు కదా, అలా పోగుపడినవే. కత్తెర పట్టుకోగానే అమ్మ ఆపింది. “దేవుడి బొమ్మ మీద కత్తెర పడనివ్వకు.” వినాయకుడు, వేంకటేశ్వరస్వామి బొమ్మలున్న ముక్కలు ముందే చుట్టూ జాగ్రత్తగా తీసి ఆమెకిచ్చాను. వాటిని తన రామకోటి పుస్తకంలో దాచుకుంది. ఆ తర్వాతే మిగతాది కోశాను.

20 సెంటీమీటర్ల చదరం కోసి, నాలుగు మూలలూ నడిమికి మడిచి, తర్వాత అంచులు కూడా నడిమి దాకా మడిచి లేపితే అడుగు ఏడు సెంటీమీటర్ల పెట్టె వస్తుంది. మూతకి చదరం అర సెంటీమీటరు పెద్దది. శుభలేఖ కాగితం దళసరి, ఊరికే మడిస్తే మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత పడుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి ముందుగా గట్టిగా గీత గీశాను. ఆ గాడి వెంట కాగితం తనంతట తానే వంగింది. బంగారు రంగు అచ్చు ఉన్న వైపు బయటికి, అక్షరాలున్న వైపు లోపలికి. మూలలకి మైదా ఉడికించిన జిగురు రాసి, రాత్రంతా పుస్తకాల మధ్య ఒత్తిపెట్టాను. మొదటి పెట్టెలో బిస్కెట్లు నేరుగా పెట్టేస్తే గంటలో అడుగున నెయ్యి మరక దిగింది. అది పక్కన పెట్టి ఇంకొకటి చేశాను. అన్నిటికీ బటర్ పేపర్ పరిచాను. పొరకి నాలుగు చొప్పున ఒకదాని మీద ఒకటి రెండు పొరలు, పెట్టెకి ఎనిమిది.

ఆ కట్టలో మా వీధి చివర ఉండే స్నేహితురాలి శుభలేఖ కూడా దొరికింది, మెరూన్ రంగుది. ఆమె పెట్టె దానితోనే చేశాను, ఏమీ చెప్పలేదు. తీసుకెళ్లి ఇచ్చినప్పుడు ఒక బిస్కెట్ కొరికి, “అచ్చం మన బేకరీవే!” అంది. మూత తిప్పి చూసి ఆగిపోయింది. లోపలి మడతలో ముహూర్తం, లగ్నం, కిందనే వాళ్ల నాన్నగారి పేరు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

“నా దగ్గర ఒక్కటీ మిగల్లేదే” అంది.

బిస్కెట్లు స్టీలు డబ్బాలోకి మార్చి, పెట్టెను తీసుకెళ్లి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టుకుంది.