విండోలాండాలో పిల్లల చెప్పులు

ఆగస్టు, శనివారం

రాత్రంతా ఒకటే గాలి. మా ఆయన మధ్యలో లేచి టెంట్ తాళ్ళు బిగించి వచ్చారు. తెల్లారేసరికి వాన ఆగింది. గ్యాస్ స్టవ్ మీద ఉప్మా చేసుకుని తిని, ఏడీ 122 బస్సెక్కి రోమన్ల నాటి కోట ఉన్న విండోలాండాకి బయల్దేరాం. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడ మొదలైన సంవత్సరాన్నే బస్సు నంబరుగా పెట్టారని తెలిసి పెద్దదానికి భలే నచ్చింది.

ఉత్తర ఇంగ్లండ్‌ని ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా అడ్డంగా కోసే 73 మైళ్ళ గోడ అది. విండోలాండా దానికి కాస్త దక్షిణాన ఉంది, గోడ కన్నా పాతది. సుమారు క్రీ.శ. 85లో మొదటి కోట కర్రతో కట్టారు. దాన్ని పడగొట్టి, పైన మట్టి, గడ్డిపెళ్ళలు పరిచి ఇంకోటి, దానిమీద మరోటి, ఇలా కనీసం తొమ్మిది కోటలు. అడుగున గాలి చొరబడని తడిమట్టిలో కర్రా తోలూ కుళ్ళిపోకుండా నిలిచాయి. ఇప్పటికీ ప్రతి వేసవిలో వాలంటీర్లు వచ్చి తవ్వుతారు. ఈరోజు కూడా బురదలో మోకాళ్ళ మీద కూర్చుని తాపీలతో మట్టి గీకుతున్నారు. చిన్నోడు తాడు దగ్గర నిలబడి ఎంతసేపటికీ కదల్లేదు.

అత్తయ్యకి కోటలూ రాజులూ పెద్దగా పట్టవు. మ్యూజియంలో మాత్రం చెప్పులు పెట్టిన అద్దాల పెట్టెల దగ్గర ఆగిపోయారు. ఇక్కడ 5,000కి పైగా తోలు చెప్పులు, బూట్లు దొరికాయి. వాటిలో అరచేతిలో పట్టే పసిపిల్లలవీ ఉన్నాయి.

"ఇంత చలిలోకి పిల్లల్ని కూడా తీసుకొచ్చారా, అమ్మాయ్!" అన్నారు.

తెచ్చుకున్నారు. సైన్యం అనగానే మగవాళ్ళూ ఈటెలే అనుకుంటాం గానీ, ఇక్కడ కాపురాలు కూడా సాగాయి. నా మటుకు నాకు ఆ గోడ కన్నా ఈ చిన్న జోళ్ళే గొప్ప చరిత్ర.

1973లో నీళ్ళు పోయేందుకు కాలువ తవ్వుతుంటే ఇక్కడ తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త రాబిన్ బర్లీకి పలచటి చెక్కముక్కలు దొరికాయి. పోస్టుకార్డంత ఉంటాయి, వాటి మీద సిరాతో రాత. ఒకదాంట్లో ఎవరో ఎవరికో మేజోళ్ళు, చెప్పులు, లోదుస్తులు పంపినట్టు రాసుంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఇంకోటి సుమారు క్రీ.శ. 100 నాటిది. క్లాడియా సెవెరా అనే ఆవిడ, ఇక్కడి దళాధిపతి భార్య సల్పిసియా లెపిడినాని సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకి రమ్మని పిలిచింది. ఉత్తరం లేఖకుడి చేత రాయించినా, చివర్న "నీకోసం ఎదురుచూస్తుంటాను" అని స్వయంగా తన చేత్తో చేర్చింది. అసలుది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ మాట చదువుతుంటే గొంతు పట్టేసింది. మా అక్క ఫోన్ పెట్టేసే ముందు అనేదీ ఇదే మరి.

సాయంత్రం స్టీల్ రిగ్ అనే చోటు నుంచి గోడ వెంట నడిచాం. గోడ పక్కన ఒంటరిగా నిలిచి పేరుపొందిన, 2023లో నరికేసిన సైకమోర్ చెట్టు ఉండే లోయ దాకా వెళ్ళి వచ్చాం. మరుసటి ఏడాదే మోడు నుంచి చిగుళ్ళు వచ్చాయని చెబితే అత్తయ్య సంతోషించారు.

ఇప్పుడు టెంట్‌లో ఆవకాయ అన్నం అయింది. "ఇంతకీ లెపిడినా ఆ పుట్టినరోజుకి వెళ్ళిందా?" అని అత్తయ్య అడుగుతున్నారు. జవాబు ఉత్తరం దొరకలేదన్నాను. వెళ్ళే ఉంటుందని అత్తయ్య గట్టి నమ్మకం. నాదీ అదే.

రేపు హౌస్‌స్టెడ్స్ కోట. అక్కడ సైనికులు వరసగా కూర్చున్న మరుగుదొడ్లు చూసి తీరాలని చిన్నోడి పట్టు. అడుగున నీళ్ళు పారిన కాలువ ఎటు పోయిందో నాకూ చూడాలనుంది. గాలి తగ్గితే పొద్దున్నే బయల్దేరతాం.