నాలుగున్నర శ్రుతిలో బీథోవెన్

నెల్లూరులో సంగీతం మాట ఎత్తితే రెండో వాక్యంలో బాలు గారు వచ్చేస్తారు. మూడో వాక్యంలో ఆయన తండ్రి సాంబమూర్తి గారి హరికథలు, ఆ వెనకే శైలజ గారు, చరణ్. 2020లో తిప్పరాజువారి వీధిలోని ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించిన సంగతి కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. చివరికి అందరూ ఒకే తీర్పు దగ్గర ఆగుతారు: "రక్తంలో ఉండాలమ్మా." ఆ మాట అంటూ మా పిల్లల వైపు చూస్తారు. మా ఆయనా నేనూ జర్మనీలోని లైప్‌జిగ్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునేవాళ్లం. మా రెండు వైపులా వేదికెక్కి కచేరీ చేసినవాళ్లు లేరు. పిల్లలిద్దరూ మాత్రం పియానో వదలరు. ఈ రక్తం ఎక్కడి నుంచి వచ్చిందన్నది మా బంధువులకు ఇప్పటికీ తేలని లెక్క.

నాకు ఆ తీర్పు నచ్చదు. అందుకు మేముంటున్న ఊరే కారణం. స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750లో కన్నుమూసేదాకా పనిచేసింది లైప్‌జిగ్‌లోనే. ఆయన వంశంలో తరతరాలుగా సంగీతకారులున్నారు. కొడుకుల్లో నలుగురు పేరున్న స్వరకర్తలయ్యారు. రక్తం వాదనకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం దొరకదు. కానీ ఆ ఇంట్లో రోజూ ఏం జరిగేదో తెలుసుకున్నకొద్దీ ఆ వాదన పలచబడుతుంది. పెద్దకొడుక్కి తొమ్మిదేళ్లున్నప్పుడు, 1720లో, బాఖ్ వాడి కోసం ఒక పాఠాల పుస్తకం మొదలుపెట్టాడు. ఏ స్వరానికి ఏ వేలు వేయాలి, అలంకారాలు ఎలా పలికించాలి అన్నవి కూడా అందులో ఉన్నాయి. ఇప్పుడు ప్రపంచమంతటా పిల్లలు విసుక్కుంటూ సాధన చేసే ఇన్వెన్షన్లనే చిన్న రచనలు మొదట ఆ పుస్తకంలోనివే. 1725లో భార్య అన్నా మాగ్దలేనా కోసం ఇంకొక పుస్తకం. అందులో ఆయనవీ ఉన్నాయి, ఇతరులవీ ఉన్నాయి. మా అమ్మాయి తొలిరోజుల్లో నేర్చుకున్న జి మేజర్ మినుయెట్‌ను చాలాకాలం బాఖ్‌దే అనుకున్నారు. నిజానికి అది క్రిస్టియన్ పెట్జోల్డ్ రచన. ఆదివారం చర్చిలో వినిపించవలసిన కొత్త రచనకు వాద్యాలవారీగా ప్రతులు రాయాలంటే భార్య, కొడుకులు, శిష్యులు అందరూ కలం పట్టేవాళ్లు. ఇరవై మంది పిల్లల్లో సగం మంది పెద్దవాళ్లు కాకుండానే పోయిన ఇల్లది. సంగీతం అక్కడ వేళకు ముగించవలసిన పని. చిన్నబజారులో కొట్టున్నవాళ్ల పిల్లలకు తూకం ఎలా పట్టుబడుతుందో, వాళ్లకు స్వరాలు అలా పట్టుబడ్డాయి.

మా అత్తవారిది కంభం. నెల్లూరు నుంచి ఒంగోలు, పొదిలి, మార్కాపురం మీదుగా ఎండలో అక్కడికి చేరేసరికి పిల్లలకు ఏ చరిత్రా వినే ఓపిక ఉండదు. అయినా మా మామగారు చెప్పకుండా ఉండరు: శ్యామశాస్త్రి పూర్వీకులు కంభం వాళ్లు, త్యాగరాజస్వామి పూర్వీకులు ఆ చుట్టుపక్కలే ఉన్న కాకర్ల వాళ్లు. రెండు కుటుంబాలూ దక్షిణానికి వలస వెళ్లాయి. శ్యామశాస్త్రి 1762లో, త్యాగరాజు 1767లో, ఇద్దరూ తిరువారూరులోనే పుట్టారు. మా చిన్నవాడు ఇదంతా విని, "వాళ్లు సెలవులకు కంభం వచ్చేవాళ్లా తాతయ్యా?" అని అడిగాడు. ఆయన చాలాసేపు నవ్వారు, జవాబు మాత్రం చెప్పలేదు.

నాకైతే ఆ ప్రశ్న నవ్వులాటగా అనిపించలేదు. సెలవులకు తీసుకువచ్చి, చెరువు చూపించి, నాలుగు మాటలు పలికించి, దాన్నే మూలాలు అనుకుంటున్నాం మేము. తమిళ దేశంలో పుట్టి పెరిగిన త్యాగరాజు కీర్తనలన్నీ దాదాపు తెలుగే. భాషను కాపాడాలని ఆ ఇంట్లో ఎవరైనా ఉపన్యాసమిచ్చారని నేననుకోను. తెలుగుతో వాళ్లకు రోజూ పని ఉండేది, అంతే. రక్తం సంగతి అడిగేవాళ్లకు ఇంకో రెండు విషయాలు చెబుతుంటాను. శ్యామశాస్త్రి ఇంటివాళ్లు బంగారు కామాక్షి అమ్మవారి అర్చకులు. ఆయన కొడుకు సుబ్బరాయశాస్త్రి గొప్ప వాగ్గేయకారుడయ్యాడు కానీ, తండ్రి దగ్గరే కాక త్యాగరాజు దగ్గర కూడా నేర్చుకున్నాడు. త్యాగరాజుకు కూతురి కొడుకుతో వంశం ఆగిపోయింది. ఈ రోజు మనం పాడుకుంటున్నది వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు దాచిపెట్టినది. వాళ్లెవరూ ఆయనకు రక్తబంధువులు కారు.

ఇంట్లో సంగీతం ఉండటం ఎప్పుడూ మంచిదేనని కూడా నేననను. లైప్‌జిగ్‌లో పియానో విద్వాంసురాలు క్లారా, స్వరకర్త రాబర్ట్ షూమన్ పెళ్లయిన కొత్తలో కాపురమున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఊరి నుంచి ఎవరు వచ్చినా అక్కడికి తీసుకువెళతాను, వాళ్లకు ఆసక్తి లేకపోయినా సరే. క్లారా తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ పేరున్న పియానో గురువు. కూతురిని తొమ్మిదేళ్లకే ఆ ఊరి కచేరీ భవనం గెవాండ్‌హౌస్ వేదిక ఎక్కించాడు. ఆమె చిన్ననాటి డైరీలో చాలా భాగం ఆయనే రాశాడు, అదీ కూతురే రాస్తున్నట్టు 'నేను' అంటూ. ఈ సంగతి చదివిన రోజు నాకు ప్రవాస తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులు కళ్లముందు కదిలాయి. పిల్లవాడి వేలు ఇంకా మీట మీద ఉండగానే వీడియో వెళ్లిపోతుంది, కింద పిల్లవాడి మాటగా అమ్మ రాసిన నాలుగు వాక్యాలు. వీక్‌కు ఫోను లేదు, అంతే తేడా. క్లారా పెళ్లికి ఆయన ఒప్పుకోకపోతే వ్యవహారం కోర్టుకెక్కింది. 1840లో, ఆమెకు ఇరవై ఒకటో ఏడు నిండటానికి ఒక్క రోజు ముందు పెళ్లి జరిగింది. భర్త పోయాక ఆ కుటుంబాన్ని కచేరీలతో నడిపింది ఆమే. రాబర్ట్ మీద నాకున్న గౌరవం వేరే కారణం వల్ల: 1848లో పెద్దమ్మాయి మారీకి ఏడేళ్లు నిండినప్పుడు పుట్టినరోజు కానుకగా చిన్న చిన్న పియానో రచనలు రాసి ఇచ్చాడు. ఆయన పిల్లల ఆల్బమ్ అక్కడి నుంచే మొదలైంది.

ఇక నెల్లూరులో పియానో వెతకడం గురించి చెప్పాలి. దొరకదని కాదు. మిషనరీల కాలం నాటి ఒక బడిలో నిలువు పియానో ఒకటి ఉంది. అడిగితే సాయంత్రం పూట తాళం తీశారు. సముద్రం దగ్గరి ఊరు. తేమకు చెక్క ఉబ్బుతుంది, తీగలకు తుప్పు పడుతుంది, తీగ బిగించిన మేకులు సడలుతాయి. నొక్కిన మీటల్లో కొన్ని కిందే ఉండిపోయాయి. మా అమ్మాయి వాటిని ఒక్కొక్కటే వేలితో పైకి లేపి, మూత దించి, ఆ బడివాళ్లకు దండం పెట్టి వచ్చేసింది. ఆ తరువాత ట్రంకు రోడ్డులో అరవై ఒక్క మీటల కీబోర్డు కొన్నాం. పియానోకు ఎనభై ఎనిమిది ఉంటాయి. మీట బరువు కూడా అందులో సగం లేదని చిన్నవాడి ఫిర్యాదు. కీబోర్డు చూసిన మా మామయ్య తోడి వాయించమన్నాడు. ఆయనకు రాగాలంటే ప్రాణం. రెండు మీటల మధ్య స్వరం లేదని, ఊపితే ఏమీ జరగదని అమ్మాయి ఓపికగా చూపించింది. "మరి అంత పెద్ద వాద్యం ఎందుకమ్మా?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే.

పిల్లవాడు ఆ వేసవిలో సాధన చేస్తున్నది బీథోవెన్ రాసిన ఏడు వేరియేషన్లు, అంటే ఒకే వరుసను మార్చి మార్చి అల్లినవి. 1803 నాటివి, ఇంగ్లండు రాజగీతం ఆధారంగా. వాడు అసలు వరుస వాయిస్తుండగా మా అమ్మ మూలపేట ఇంటి వంటగదిలో పప్పులో పోపు పెడుతూ "సంతతం పాహిమాం సంగీత శ్యామలే" అని అందుకుంది. వాడు ఆపేశాడు. "అమ్మమ్మకు బీథోవెన్ ఎలా తెలుసు?" అన్నాడు.

అమ్మకు బీథోవెన్ తెలియదు. ఆమెకు తెలిసింది ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరం. దీక్షితుల కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో వాళ్లను ఆదరించిన మొదలియారు సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు వినే వీలు కల్పించాడు. ఆ వరుసలకు, వాటిలో ఈ రాజగీతానికి కూడా, దీక్షితులు సంస్కృతంలో సాహిత్యం కూర్చాడు. తమ్ముడు బాలుస్వామి అక్కడే వయొలిన్ నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చాడు. తండ్రి రామస్వామి దీక్షితులూ వాగ్గేయకారుడే, అన్నదమ్ములూ అంతే. పరాయి బ్యాండు వినడానికి వెళితే మన సంప్రదాయం ఏమవుతుందో అని ఆ తండ్రి భయపడినట్టు లేదు.

అమ్మ పెళ్లికి ముందు వర్ణాల దాకా నేర్చుకుంది. పెళ్లితో పాఠం ఆగింది. మొజార్ట్ అక్క నానెర్ల్ కూడా చిన్నప్పుడు తమ్ముడితో యూరప్ అంతా తిరిగి వాయించి, పెళ్లీడు రాగానే సాల్జ్‌బర్గ్‌లో ఉండిపోయింది. ఈ పోలిక అమ్మకు చెబితే, "ఆమెకు తమ్ముడైనా ఉన్నాడు" అని పప్పు దించింది.

ఇద్దరూ కలిసి ఆ పాట చేద్దామనుకున్నారు. బీథోవెన్ సి మేజర్‌లో రాశాడు, అంటే మన లెక్కలో ఒకటో శ్రుతి. అమ్మ పాడేది నాలుగున్నరలో. పియానో మీద అది ఎఫ్ షార్ప్, నల్ల మీటలన్నీ దాని దారిలోనే. కీబోర్డులో శ్రుతి మార్చే మీట ఉందని నేను గుర్తు చేస్తే అది మోసమని వాడు ఒప్పుకోలేదు. అమ్మ కూడా శ్రుతి దించనంది. వాడు రెండు రోజులు కూర్చుని వరుసనంతా మార్చుకున్నాడు. ఇంత శ్రద్ధ వాడు పరీక్షకు పెట్టడం నేను చూడలేదు. తెలుగు సంఘం ఉగాది వేడుకలో ఇద్దరిదీ పెట్టిద్దామని ఎవరో సలహా ఇచ్చారు. వాడు వద్దన్నాడు, నేనూ పొడిగించలేదు. వీడియో కూడా ఎవరికీ పంపలేదు.

ఇప్పుడు లైప్‌జిగ్ నుంచి ఆదివారాలు ఫోనులో సాగుతోంది. లైనులో శబ్దం ఆలస్యంగా చేరడం వల్ల కలిసి వాయించడం కుదరదు. అమ్మ పాడి పంపుతుంది, వాడు దాని మీద వాయిస్తాడు. అమ్మ పల్లవిలో ఒక నడక, చివరకు వచ్చేసరికి ఇంకో నడక పాడుతోందని వాడి ఫిర్యాదు, లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకోమంటాడు. తాళం చేత్తో వేయడం రానివాడికి పెట్టె ఎందుకంటుంది ఆమె. తిశ్రం మూడు లెక్కలూ వేసి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తానంది. వాడు మూడు లెక్కలు వేశాడు గానీ, పొరపాటున ఎడమచేత్తో వేశాడట. మళ్లీ మొదటి నుంచి వేయమంది.