పరీక్ష నిమిషం పని, దానికి ముందు కూర్చోబెట్టిన కుర్చీయే నరకం

నిన్న నా చివరి హెచ్‌ఐవీ రిపోర్టు వచ్చింది. నెగెటివ్. నేను సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాణ్ని. ఊపిరి పీల్చుకున్నాను గానీ కోపం మాత్రం చల్లారలేదు.

మొదట వెళ్లిన చోట కౌన్సెలర్ తలుపు కూడా వేయలేదు. బయట జనం. నా మోచేతి మీది మచ్చలు చూసి, అందరికీ వినపడేలా "ఒకడి సూది ఇంకొకడు వాడారా?" అన్నాడు. లేదన్నాను. అది నిజం. నా సిరంజి నేను ఎవరికీ ఇవ్వలేదు, ఎవరిదీ తీసుకోలేదు. "అయితే నీకేం కాదు, ముందు ఆ దరిద్రపు అలవాటు మానెయ్" అని పంపేశాడు. పరీక్ష కూడా చేయించలేదు. తల దించుకుని వరండా దాటుతుంటే అందరి కళ్లూ నా చేతుల మీదే.

రెండో చోట మేడమ్ తలుపు వేసి అడిగారు. "మందు ఎందులో కరిగిస్తారు? నీళ్లు ఎవరివి? దూది?" అందరం ఒకే స్పూన్లో కరిగించి, వడకట్టడానికి పెట్టిన ఒకే దూదిలోంచి సిరంజిల్లోకి లాగేవాళ్లం. ఒక్కోసారి ఒకడు తన సిరంజితో కొలిచి మా సిరంజిల్లోకి వాటాలు పోసేవాడు. అది వాడిన సిరంజి అయితే అందులో మిగిలిన రక్తం అందరి వాటాల్లోకీ వస్తుందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. సూది ఒక్కటే కాదు, స్పూను, దూది, నీళ్లు కూడా ఎవరివి వాళ్లకే ఉండాలి.

అసలు మంట ఇది: వైరస్ సోకే అవకాశం ఉన్న ఘటన జరిగిన 72 గంటల్లోపు పెప్ మాత్రలు (హెచ్‌ఐవీ ఒంట్లో పాతుకోకుండా అడ్డుకునే మందులు) మొదలుపెట్టాలి. ఎంత తొందరైతే అంత మంచిది. మొదటి ఆయన నన్ను పంపేసినప్పుడు ఆ గడువు నడుస్తూనే ఉంది. మేడమ్ దగ్గరికి వచ్చేసరికి మిగిలింది కొద్ది గంటలే. మనిషిని మార్చాలనుకునేవాళ్లు ముందు వాణ్ని బతకనివ్వాలి.

28 రోజుల మాత్రలు ఒక్క పూట కూడా తప్పలేదు, అది గర్వంగానే చెబుతాను. మొదట కాస్త వికారం, అంతే. తర్వాత మూడు నెలలు దాటేదాకా మళ్లీ మళ్లీ పరీక్షలు. ఇప్పుడు మత్తుమందు మానడానికి ఇచ్చే బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటున్నాను, సూది జోలికి పోవడం లేదు.

మీరు వెళ్తే ముందు తలుపు వేయమనండి. వాళ్లు అడగకపోయినా స్పూను, దూది సంగతి మీరే చెప్పండి. రక్తం ద్వారా సోకే కాలేయ వ్యాధి హెపటైటిస్ సి పరీక్ష విడిగా అడగండి. దానికి పెప్ లాంటి మాత్రలు లేవు, కానీ ఉన్నట్టు తేలితే చాలామందికి 8 నుంచి 12 వారాల మందులతో నయమవుతుంది. నా హెపటైటిస్ సి రిపోర్టు ఇంకా రావాలి.