కిటికీ గట్టు మీద రెండు గీతలు

మంగళవారం, రాత్రి తొమ్మిది దాటింది.

పొద్దున్నే సున్నం వేసేవాళ్ళు వచ్చారు. ముందుగది కిటికీ గట్టు గీకబోతుంటే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆపాను. "అది వదిలేయండి బాబూ, మిగతాదంతా మీ ఇష్టం" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గట్టు మీద ఉన్నవి రెండే గీతలు. ఎర్ర గచ్చు మీద మేకుతో గీసినవి. ఒకదాని పక్కన "వి", రెండోదాని పక్కన "క". నాన్న చేతిరాత. వి అంటే విశాఖ, క అంటే కటక్.

ఒడిశాలో, కోరాపుట్ జిల్లాలో ఉన్న మా జయపురంలో తెలుగువాళ్ళ ఇళ్ళు చాలానే ఉన్నాయి. బయటివాళ్ళు "ఎప్పుడు వలస వచ్చారు?" అని అడుగుతుంటారు. మా తాతలు ఎక్కడికీ రాలేదు, ఎక్కడికీ పోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు కోరాపుట్ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. మా రాజావారు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఎంత చేశారో అక్కడ చదువుకున్నవాళ్ళకు తెలుసు. అదే 1936 జూన్‌లో రేడియోకి ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. రెండు నెలల తేడాలో అటు రాష్ట్రం, ఇటు రేడియో. నాన్న ఈ మాట ఎవరు దొరికినా చెప్పేవారు.

నాన్న బట్టల కొట్లో గుమస్తా. రాత్రి కొట్టు కట్టి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, రేడియోని "వి" గీత మీద పెట్టేవారు. విశాఖ వార్తలు అయ్యాక రెండు చేతులతో ఎత్తి "క" గీత మీదికి తిప్పేవారు. ముల్లు తిప్పితే స్టేషన్ మారుతుంది కదా, సెట్టంతా తిప్పడమెందుకని నేను అడిగితే "నీకు తెలీదులే" అని నవ్వేవారు. అది ఆయన అలవాటు కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

గీతలు ఉంచినదాన్ని, రేడియోని మాత్రం అటక మీద ఎందుకు వదిలేయాలనిపించింది. దింపి చూశాను. సెల్లులు కారి లోపలి స్ప్రింగులు పచ్చగా చిలుం పట్టాయి. ముల్లు కదలదు. తిరుగలి తిప్పినట్టు బటన్ ఊరికే తిరుగుతోంది. మధ్యాహ్నం సంచిలో పెట్టుకుని బజారు వెనక సందులో ఉన్న మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు ఆ కొట్లో కొడుకు ఫోన్లు బాగుచేస్తాడు. ఆయన ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉంటాడు. సెట్టు చూడగానే గుర్తుపట్టాడు. "మీ నాన్నది కదమ్మా ఇది! దీనికి నేనే రెండుసార్లు వాల్యూమ్ కంట్రోల్ మార్చాను."

వెనక మూత విప్పాడు. డయల్ దారం తెగిపోయింది. కొడుకుని పంపి చేపల గాలం దారం తెప్పించాడు. చిన్న చక్రం చుట్టూ రెండు చుట్లు వేసి, ఆ చివర స్ప్రింగుకి ముడి పెట్టే పనికి అరగంట పట్టింది. చేతులు వణుకుతున్నాయి. ముడి మాత్రం వదులు కాలేదు. అప్పుడు చూశాను, సెట్టు పొడుగునా లోపల ఒక నల్లటి కడ్డీ, వేలంత లావు, దానికి సన్నటి రాగి తీగ చుట్టి ఉంది.

"ఇది దీని చెవి తల్లీ. మీడియం వేవ్, అంటే విశాఖ, కటక్ లాంటి స్టేషన్లు, దీంతోనే వింటుంది. చివర్లకి వినపడదు, పక్కకే వినపడుతుంది. అందుకే సెట్టు తిప్పుకోవాలి."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇంటికి రాగానే ఫోన్లో మ్యాప్ తీసి చూశాను. విశాఖ మాకు దక్షిణానికి కొంచెం తూర్పుగా ఉంది, నేరుగా కొలిస్తే సుమారు 150 కిలోమీటర్లు. కటక్ ఈశాన్యం వైపు, 390 దాకా ఉంటుంది. మా ఇంటి నుంచి రెండు ఊళ్ళకీ గీతలు గీస్తే మధ్యలో కోణం ఇంచుమించు మూలమట్టం పెట్టి గీసినట్టే వస్తోంది. గట్టు మీద గీతలు కూడా అంతే! సెట్టు మొహం విశాఖ వైపు ఉంటే కడ్డీ చివర కటక్ వైపు ఉంటుంది. విశాఖ గొంతు తేటగా వినిపిస్తుంది, కటక్ సద్దుమణుగుతుంది. అటు తిప్పితే ఇటు. మ్యాపుల్లేకుండా, లెక్కలు రాకుండా, ఒక్క చెవితో నాన్న ఆ కోణం పట్టుకున్నారు.

తిప్పాల్సిన అవసరం కూడా ఉంది. విశాఖ 927 కిలోహెర్ట్జ్, కటక్ 972. అంకెలు తారుమారు చేసినట్టు లేవూ! డయల్ మీద రెంటి మధ్యా వేలు పట్టేంత చోటు కూడా ఉండదు. కటక్ ట్రాన్స్‌మిటర్ 300 కిలోవాట్లు, విశాఖది 100. కటక్ కేంద్రం 1948 జనవరిలో మొదలైంది. విశాఖ కేంద్రం 1963లో వచ్చింది, ఆ మరుసటి ఏడు 1964లో మా ఊళ్ళోనే ఆకాశవాణి కేంద్రం పెట్టారు. అమ్మ అప్పటికి పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి ఏడాది అయింది. మన ఊరి పేరు రేడియోలో చెప్పారని వీధంతా పండగలా ఉందట.

మా ఊరి కేంద్రం సంగతి ఇంకొంచెం రాయాలి. మీడియం వేవ్‌లో అది 1467. షార్ట్‌వేవ్‌లో 5040 మీద 50 కిలోవాట్లతో వచ్చేది. మనలాంటి ఉష్ణదేశాల్లో పిడుగుల వల్ల మీడియం వేవ్‌లో గరగర ఎక్కువ, అందుకని ఆ 60 మీటర్ల బ్యాండు ఇలాంటి చోట్ల కోసమే కేటాయించారు. ఆ షార్ట్‌వేవ్ సముద్రాలు దాటి వినిపించేది. ఎక్కడెక్కడి దేశాల్లోనో రాత్రిళ్ళు మేలుకుని దూరపు స్టేషన్లు వెతికేవాళ్ళ చిట్టాల్లో జైపూర్ (అంటే మా జయపురమే) 5040 అని ఉంటుంది. నేను పుట్టిన ఊరి సంత కబురు, మా కొండసీమ మాట దేశియాలో పాడిన పాట అంత దూరం పోయాయని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అందరూ ఎఫ్ఎం అంటారు, ఫోన్లో యాప్ ఉందిగా అంటారు. ఎఫ్ఎం శుభ్రంగా వినిపిస్తుంది, నిజమే. కానీ అది వెలుతురులా తిన్నగా పోతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. మా జిల్లా అంతా కొండలే. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి, 1672 మీటర్లు, ఇక్కడే ఉంది. మీడియం వేవ్ నేలని పట్టుకుని కొండలు చుట్టి లోయల్లోకి దిగుతుంది. పొద్దుగూకాక ఇంకా దూరం వెళ్తుంది, ఎందుకంటే పైన ఆకాశంలో పగలు ఎండకి ఏర్పడి ఈ తరంగాల్ని మింగేసే పొర రాత్రికి పోతుంది, దాని పైనున్న ఇంకో పొర వాటిని మళ్ళీ నేల మీదికి విసురుతుంది. సిగ్నల్ అందని ఊళ్ళో ఉన్న ముసలమ్మకి వాన కబురు చెప్పడానికి ఇంతకంటే చవకైన సాధనం నాకు కనపడదు. రెండు సెల్లులుంటే చాలు. దీన్ని పాతకాలపు వస్తువని పక్కన పెట్టడం నాకు మింగుడు పడదు.

సాయంత్రం దీపం పెట్టాక సెట్టు "వి" గీత మీద పెట్టాను. కొత్త సెల్లులు. ముల్లు నాన్న పెన్నుతో పెట్టిన చుక్క దగ్గరికి జరిగింది. జోరీగ రొద తప్ప ఏమీ లేదు. కాస్త అటు, కాస్త ఇటు తిప్పాను. అదే రొద. బాబాయ్ ముందే చెప్పాడు, ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు అన్నీ కలిసి మీడియం వేవ్‌ని పాడుచేస్తాయని. ఇంట్లోవి ఆపాను. వీధి మొత్తం ఎలా ఆపుతాను? ఏడుపొచ్చినంత పనైంది. సెట్టు కట్టేయబుద్ధి కాక అలాగే వదిలి వంటింట్లోకి వెళ్ళాను. కాళాజీరా బియ్యం పొయ్యి మీద ఉన్నాయి.

అన్నం వార్చబోతుండగా కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. ఆ చీకట్లో ముందుగదిలోంచి మాట వినిపించింది. ఎవరో వచ్చారనుకున్నాను. రొద తుడిచేసినట్టు పోయి, ఆ స్థానంలో తెలుగు. స్పష్టమైన ఆడగొంతు, వార్తలు. వినపడి, కొంచెం సన్నగిల్లి, మళ్ళీ అలలా పైకొచ్చేది. తడి చేతులతోనే వెళ్ళి గట్టు దగ్గర నిలబడ్డాను. కొవ్వొత్తి కూడా వెలిగించలేదు. సెట్టుని బాగా పక్కకి తిప్పి చూశాను, గొంతు తగ్గింది. మళ్ళీ గీత మీదికి తెచ్చాను, నిండుగా వచ్చింది. నాన్న గీత తప్పు కాదు.

అమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది, ఏ పూట ఏం తిన్నదో గుర్తుండదు. కానీ వార్తలు ముగిసి ఏదో సంగీతం మొదలవగానే మంచం మీంచే పిలిచింది.

"అయిపోయాయా వార్తలు? ఇక కటక్ పెట్టు."

సెట్టుని రెండు చేతులతో ఎత్తి "క" గీత మీదికి తిప్పాను.